క్రైస్ట్స్ హాస్పిటల్ బడి పిల్లలు ట్యూడర్ రాజుల కాలపు (16వ శతాబ్దపు) దుస్తుల్లో చేసేది చరిత్ర పునఃప్రదర్శనా?

కాదు, ఇంగ్లండ్‌లో హార్షమ్ దగ్గరున్న ఈ పాఠశాలలో పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు, మెడ దగ్గర తెల్లటి పట్టీలు రోజూ తరగతికి వేసుకొచ్చే యూనిఫామ్ మాత్రమే.

1552లో, ఆరవ ఎడ్వర్డ్ రాజు కాలంలో, లండన్ నగరంలోని పేద పిల్లల కోసం దీన్ని స్థాపించారు. దానధర్మాల మీద ఆధారపడి చదువుకునే పిల్లలకు అప్పట్లో నీలం బట్టలే కుట్టించేవారు, ఆ రంగు చవక కాబట్టి. 1902లో బడి హార్షమ్‌కు తరలివచ్చింది. దుస్తుల తీరు మాత్రం పెద్దగా మారలేదు.

పునఃప్రదర్శన పద్ధతి వేరు. అందులో ఒక సంఘటననో, కాలాన్నో ఎంచుకుని, దొరికిన ఆధారాలను బట్టి ఆయుధాలు, దుస్తులు, వ్యూహాలు తయారు చేసుకుని మళ్లీ నడిపి చూపిస్తారు. ఉదాహరణకు 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని బ్యాటిల్ పట్టణంలో ప్రదర్శించేటప్పుడు ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ పక్షం వారు డాళ్లను గోడలా నిలబెడితే, ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి దండెత్తి వచ్చిన విలియం పక్షపు నార్మన్లు దాన్ని ఛేదించడానికి వస్తారు. ఆట ముగిశాక అందరూ మామూలు బట్టల్లో ఇళ్లకు వెళ్తారు. బడి పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, నీలం కోటులోనే లెక్కలు చేయాలి.

భోజనానికి వాళ్లు బ్యాండు వెంట కవాతు చేయడం చూసి, ఇదంతా సంపన్నుల బడి ఆడంబరమని చాలామంది పొరబడతారు. నిజానికి యూనిఫామ్‌ను బడే ఉచితంగా ఇస్తుంది. చాలామందికి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంటుంది.