ఎనిమిది రోజులు, 14 పాత కార్లు, విక్టోరియా పల్లె దారులు: రూట్ మ్యాప్ కంటే ముందు చూసుకోవాల్సినవి

"మెల్‌బోర్న్‌లో మాది పాత కార్ల క్లబ్బు. 14 కార్లతో ఎనిమిది రోజుల టూర్ వేద్దామనుకుంటున్నాం. గ్రేట్ ఓషన్ రోడ్డుకి వెళ్లమంటారా, అవుట్‌బ్యాక్‌కి (లోతట్టు ఎడారి ప్రాంతానికి) వెళ్లమంటారా?" అని మీరు అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు.

గ్రేట్ ఓషన్ రోడ్డు అందాన్ని ఎవరూ కాదనరు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా తవ్విన దారి అది, 243 కిలోమీటర్లు. కానీ ఇప్పుడు ఆ దారి నిండా అద్దె క్యాంపర్ వ్యాన్లు, టూరిస్టు బస్సులు. 14 పాత కార్లు ఒకచోట ఆపడానికి జాగా దొరకదు. ముందు వ్యాన్‌లో వాళ్లు ఫోటో కోసం సడన్ బ్రేక్ వేస్తే, వెనకాల నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులున్న కారు డ్రైవరు ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. ఇక అవుట్‌బ్యాక్ అంటారా, కోబార్ నుంచి విల్కానియాకి 260 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోలూ తిండీ దొరికే ఒక్క రోడ్‌హౌస్ తప్ప ఏమీ లేదు. నల్లార్‌బోర్ మైదానం దాటే దారిలో మలుపే లేకుండా 146.6 కిలోమీటర్ల రోడ్డు ఉంది. పాత ఇంజన్‌కి ఎదురుగాలిలో గంటల తరబడి ఒకే స్పీడులో లాగడం కంటే పెద్ద శిక్ష లేదు. నడిపేవాడికీ అంతే.

పాత కారుకి కావాల్సింది మలుపులు, చిన్న చిన్న ఊళ్లు, తరచుగా ఒక పెట్రోల్ పంపు, ఒక బేకరీ. అందుకే నా ఓటు విక్టోరియా రాష్ట్ర ఈశాన్య కొండలకీ, ఆగ్నేయాన ఉన్న గిప్స్‌ల్యాండ్‌కీ. మొదటి రోజు 'యే' అనే ఊరి మీదుగా మాన్స్‌ఫీల్డ్. రెండో రోజు విట్‌ఫీల్డ్, మిలావా, మర్టిల్‌ఫర్డ్ మీదుగా బ్రైట్. మూడో రోజు ఎక్కడికీ కదలొద్దు, ఎందుకో కింద చెబుతాను. నాలుగో రోజు కొండెక్కి ఓమియో. ఐదో రోజు టాంబో నది వెంబడి దిగుతూ బ్రూథెన్ మీదుగా బెయిర్న్స్‌డేల్. ఆరో రోజు లేక్స్ ఎంట్రన్స్ వెళ్లి రండి, ముప్పై ఆరు కిలోమీటర్లే. ఏడో రోజు మాఫ్రా, అక్కడ గిప్స్‌ల్యాండ్ వెహికల్ కలెక్షన్ అని మంచి పాత బళ్ల మ్యూజియం ఉంది. అది అన్ని రోజులూ తెరవరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ రాత్రి ట్రరాల్గన్‌లో ఉండి, ఎనిమిదో రోజు ఇంటికి. మొత్తం కలిపినా వెయ్యి కిలోమీటర్లు దాటదు. "ఇంతేనా?" అంటారు మీ క్లబ్బులో కొందరు. రోజుకి నాలుగొందలు కొట్టాలనుకునేవాళ్లు కొత్త కారు తీసుకుని విడిగా వెళ్లమనండి.

టూర్ ప్లాన్ చేసేది అందరికంటే బలహీనమైన కారుని చూసి. క్లబ్బులన్నీ తప్పుచేసేది ఇక్కడే. ప్రెసిడెంటు గారి ఎనిమిది సిలిండర్ల మర్క్యూరీ కారు సునాయాసంగా 110 పోతుంది కాబట్టి రోజుకి 350 కిలోమీటర్లని రాసేస్తారు. అదే గుంపులో 1948 నాటి ఆస్ట్రేలియా కారు, మొదటి హోల్డెన్ ఉంటే, దాని 2.2 లీటర్ల ఇంజన్ పుట్టినప్పుడే 60 హార్స్‌పవర్. ఇప్పుడెంత మిగిలిందో దాని యజమానికే తెలియాలి. అది హాయిగా పోయే వేగం 80. గంటన్నరకోసారి పావుగంట ఆగాలి. పంపు దగ్గర, టీ దగ్గర, 'ఒక్క నిమిషం, నా ఫ్యాన్ బెల్ట్ చూసుకుంటా' దగ్గర పోయే టైము కలిపితే 200 కిలోమీటర్లకి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరినా సాయంత్రం నాలుగవుతుంది. నాలుగింటికల్లా మోటెల్ చేరాల్సిందే. చీకటి పడే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. ఆరు వోల్టుల హెడ్‌లైటు వెలుగులో కంగారూ కనిపించేసరికే అది రేడియేటర్‌లో ఉంటుంది.

పంపు దగ్గర టైము తక్కువ అంచనా వేయొద్దు. పెట్రోల్ పోసే గన్నులు రెండే ఉన్న పల్లె పంపులో 14 కార్లు, ఒక్కోదానికి ఐదు నిమిషాలైతే 35 నిమిషాలు. అందుకే కార్లను నాలుగైదు చొప్పున మూడు జట్లు చేసి, జట్టుకీ జట్టుకీ ఇరవై నిమిషాలు ఎడం పెట్టండి.

పెట్రోల్ సంగతి. ఆస్ట్రేలియాలో 2002 నుంచి సీసం కలిపిన పెట్రోల్ లేదు. సీసం లేకపోతే పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే సీట్లు అరుగుతాయి, కాబట్టి సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించని ఇంజన్లకి ప్రతి ట్యాంకులోనూ వాల్వ్ సేవర్ మందు సీసా మీద రాసిన కొలత ప్రకారం పోయాలి. సీటు అరిగేది ఊళ్లో తిరిగేటప్పుడు కాదు, హైవే మీద గంటల తరబడి తొక్కినప్పుడు. పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ10 పెట్రోల్ మాత్రం పోయకండి. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, కార్బ్యురేటర్ లోపలి సీళ్లని మెత్తబరుస్తుంది, వేడికి తొందరగా ఆవిరవుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లోకి దాటితే చాలా బంకుల్లో మామూలు 91 ఆక్టేన్ పెట్రోల్ బదులు ఈ10 ఒక్కటే కనిపిస్తుంది, అప్పుడు 95కో 98కో డబ్బులు పెట్టక తప్పదు. పల్లెల్లో దీనికి తిరకాసు: చిన్న పంపుల్లో 91, డీజిల్ తప్ప ఉండకపోవచ్చు. కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్ అయితే పెద్ద ఊళ్లో 98 నింపుకుని, చిన్న ఊళ్లో సగమే పోసుకోండి. నలభై లీటర్ల ట్యాంకు, వందకి 13 లీటర్లు తాగే బండి అంటే లెక్కకి 300 కిలోమీటర్లు. పాత గేజిని నమ్మి 200 దాటకండి.

ఇప్పుడు నాలుగో రోజు. టూర్ మొత్తానికీ పరీక్ష ఇదే. గ్రేట్ ఆల్పైన్ రోడ్డు వాంగరాట నుంచి బెయిర్న్స్‌డేల్ దాకా 308 కిలోమీటర్లు, మౌంట్ హాథమ్ దగ్గర 1,840 మీటర్ల ఎత్తుకి పోతుంది. హారియట్‌విల్ ఊరు సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్లలో 1,300 మీటర్లకు పైగా ఎక్కాలి. ఊరు దాటిన కాసేపటికే 'ద మెగ్' అనే నిటారు మలుపు, మధ్యలో కాస్త ఊపిరి, చివరి పది కిలోమీటర్లలో మళ్లీ సీఆర్‌బీ హిల్ లాంటి ఎత్తులు. ఒక్కసారి ఆగిన కారుని మళ్లీ కదిలించడానికి క్లచ్ కాలిపోయేంత పని.

ఏం జరుగుతుందంటే, గుంపులో ఆరో కారు, ఎర్ర ఇంజన్ ఉన్న 1963 ఈహెచ్ హోల్డెన్ అనుకోండి, రెండో గేర్‌లో బాగానే ఎక్కుతుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, ప్రతి వెయ్యి మీటర్లకీ పదో వంతు శక్తి పోతుంది. డ్రైవరు ఇంకా తొక్కుతాడు. ముందు కారు మందగించిందని నిదానిస్తాడు, బానెట్ కింద గాలి ఆడదు. మెకానికల్ పెట్రోల్ పంపు ఇంజన్ బ్లాక్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ వేడంతా దానికే. ఇంజన్ దగ్గుతుంది, తేరుకుంటుంది, మళ్లీ దగ్గి ఆగిపోతుంది. కాయిల్ పోయిందని, పాయింట్లని, తలా ఒకటి చెబుతూ నలుగురు చుట్టూ మూగుతారు. పోయిందేమీ లేదు. పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోయింది, పంపు లాగేది ఆవిరినే. తిరుమల ఘాట్ మీద అంబాసిడర్ డ్రైవర్లు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చునేవారే, అదే జబ్బు, అదే మందు. పంపు మీద, కార్బ్యురేటర్‌కి వెళ్లే పైపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. స్టార్టర్ ఆపకుండా తిప్పితే బ్యాటరీ కూడా పోతుంది. పైపుకి బట్టల క్లిప్పులు పెట్టమనే పెద్దమనుషులు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. ఆ క్లిప్పులు బట్టలకే పనికొస్తాయి.

అసలు వైద్యం ఇంటి దగ్గరే జరగాలి. ట్యాంకు పక్కన తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు, మూడు పీఎస్‌ఐ చాలు, అంతకు మించితే కార్బ్యురేటర్ సూది వాల్వు ఆపలేక పొంగుతుంది. కార్బ్యురేటర్ కింద వేడి ఆపే మందపాటి స్పేసర్. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కి దగ్గరగా పోయే పెట్రోల్ పైపుని దూరంగా మళ్లించడం. రేడియేటర్ క్యాప్ కొత్తది, ఎందుకంటే 1,800 మీటర్ల ఎత్తులో మామూలు నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి, క్యాప్ ప్రెషర్ పట్టకపోతే రేడియేటర్ పొంగడం ఖాయం. పైకి చేరగానే ఫోటోల కోసం ఇంజన్ టక్కున ఆపొద్దు. రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఆపాక బానెట్ ఎత్తి పెట్టండి.

ఈ కొండని హారియట్‌విల్ వైపు నుంచి ఎక్కాలి, ఆ వైపు దిగకూడదు. చాలామంది టూర్‌ని తిరగేసి ముందు బెయిర్న్స్‌డేల్ వెళ్తారు. అప్పుడు ఆ ముప్పై కిలోమీటర్లూ డ్రమ్ బ్రేకుల మీద దిగాల్సి వస్తుంది. డ్రమ్ వేడెక్కితే ముందు పెడల్ గట్టిగా ఉంటూనే కారు ఆగదు, అది లైనర్ల పని. పెడల్ మెత్తగా నేలకి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పీల్చుకున్నాక 155కే మరుగుతుంది. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ఏ కొండా దిగొద్దు. ఓమియో వైపు దిగుడు పొడుగ్గా, కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఎక్కిన గేర్‌లోనే దిగాలనే పాత సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. బ్రైట్‌లో ట్యాంకు నింపుకోండి, ఓమియో దాకా పంపు ఉందని లెక్కేసుకోవద్దు. మూడో రోజు బ్రైట్‌లో ఖాళీ పెట్టమన్నది అందుకే: ఆ రోజు బ్రేకులు సర్దుకోవడానికి, రేడియేటర్ చూసుకోవడానికి, మొదటి రెండు రోజుల్లో బయటపడ్డ రోగాలకి.

వెనకాల ఒక కొత్త యూట్ (పికప్ బండి), దానికి కార్ ట్రెయిలర్ ఉండాల్సిందే. 1,300 కిలోల కారు, 700 కిలోల ట్రెయిలర్ అంటేనే రెండు టన్నులు. ఆ పైన ట్రెయిలర్ అన్ని చక్రాలకీ బ్రేకులు, తెగిపోతే తనంతట తానే ఆగే బ్రేక్‌అవే సిస్టమ్ తప్పనిసరి. అందరూ స్పేర్లు మోయనక్కర్లేదు. ఒకే మోడల్ కార్లు మూడుంటే ఒక వాటర్ పంపు, ఒక డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ముగ్గురికీ చాలు. ఫ్యాన్ బెల్ట్, పాయింట్లు, కండెన్సర్, రోటర్, రేడియేటర్ పైపులు రెండూ, పది లీటర్ల నీళ్లు, ఒక కిలో పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మాత్రం ఎవరికి వారే. జాకీ కింద పెట్టడానికి చెక్క ముక్క కూడా. రోడ్డు పక్క ఇసుకలో జాకీ దిగిపోతుంది.

వాట్సాప్ గ్రూపుతో కాన్వాయ్ నడిపే అలవాటు మానుకోండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, పైగా సగం మంది గుడ్ మార్నింగ్ బొమ్మలు పెడతారు. ఐదు వాట్ల యూహెచ్‌ఎఫ్ సీబీ రేడియో కారుకొకటి. ఛానల్ 40 లారీలది, 5, 35 ఎమర్జెన్సీవి, 22, 23 మాటలకి కాదు. మిగతావాటిలో మామూలు మాటలకి వదిలిన ఛానళ్లలో ఖాళీగా ఉన్నది ఒకటి ఎంచుకోండి. దారి మారే ప్రతి కూడలి దగ్గరా నాయకుడి వెనకున్న కారు ఆగి, చివరి కారు వచ్చేదాకా దారి చూపించి, తర్వాత చివరి కారుకి ముందు చేరాలి. ఇంత సులువైన పద్ధతి వదిలేసి ఒకరి బంపర్‌కి ఒకరు అంటుకుని పోతే, వెనకున్న లోకల్ వాళ్లకి ఓవర్‌టేక్ చేసే సందు ఉండదు. వెనక నాలుగు బళ్లు చేరితే పక్కకి తీసి దారివ్వండి.

మామూలు రిజిస్ట్రేషన్ బదులు క్లబ్ పర్మిట్ మీద తిరిగే బళ్లకి లాగ్‌బుక్ గురించి ఒక్క మాట. విక్టోరియాలో పర్మిట్ 45 రోజులకో 90 రోజులకో ఇస్తారు, బండి తీసిన ప్రతి రోజూ, బయల్దేరకముందే రాయాలి. క్లబ్ టూర్ కదా, లెక్కలోకి రాదనుకునేవాళ్లున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో 60 రోజుల లాగ్‌బుక్ క్లబ్ కార్యక్రమాలకి అదనం, ఇక్కడ అలా కాదు. ఈ టూర్‌కి 45లో ఏడు రోజులు పోతాయి, మూడో రోజు కూడా బండి తీస్తే ఎనిమిది. ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ (ముందే ఒప్పుకున్న విలువ) మీద ఉందో లేదో, బ్రేక్‌డౌన్ కవర్‌లో బండిని ఎన్ని కిలోమీటర్లు లాగుతారో కూడా కాగితం తీసి చదవండి.

వెళ్లేది మార్చి, లేదా ఏప్రిల్ మొదటి సగం. ఈస్టర్‌ని తప్పించండి. ఏప్రిల్ చివర్లో ఆకులు ఎర్రబడే వేళ బ్రైట్‌లో ఆటమ్ ఫెస్టివల్, గదులు దొరకవు. జూన్ నుంచి మంచు సీజన్, హాథమ్ దారికి చక్రాల చైన్లు తీసుకెళ్లాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేడి, కార్చిచ్చు. పల్లె మోటెళ్లలో పన్నెండు, పదిహేను గదులకి మించి ఉండవు కాబట్టి 14 కార్లకి రెండు మోటెళ్లు తీసుకోండి, కనీసం ఆరు నెలల ముందు. పబ్బుల్లో కిచెన్ ఎనిమిదింటికి కట్టేస్తారు, సోమ, మంగళవారాల్లో అసలు తెరవనివీ ఉన్నాయి. వెజిటేరియన్లుంటే ఫోన్‌లో ముందే చెప్పండి, లేకపోతే రాత్రంతా చిప్సే. ఇంకొకటి, ప్రతి కారులో ఒక పెద్ద అట్టముక్క పెట్టుకుని రాత్రి ఇంజన్ కింద పరవండి. పాత కార్ల క్లబ్బు అనగానే గదులు లేవనే మోటెల్ వాళ్లు ఉన్నారంటే, కారణం వాళ్ల డ్రైవ్‌వే మీద అంతకుముందు క్లబ్బు వదిలి వెళ్లిన ఆయిల్ మరకలే.