కుండీలు లేని వీధులు

ప్రశ్న: మాది తిరుపతిలోని కొర్లగుంట. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు ఈమధ్యే వచ్చాను. ఉదయం నడకకు వెళితే ఎంత దూరం పోయినా ఒక్క చెత్తకుండీ కనపడదు, అయినా రోడ్డు మీద కాగితం ముక్క ఉండదు. పసుపు టోపీలు పెట్టుకున్న చిన్నపిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండానే బడికి నడిచి వెళ్తున్నారు. సాయంత్రం ఐదింటికి వీధి మైకుల్లో ఏదో పాట వినిపిస్తుంది. వీటి వెనక కారణాలేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినవాటిలో మొదటిదే వివరంగా చెప్పుకోవలసిన విషయం. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు ప్రయోగించిన ఘోరం తరువాత, భద్రత కోసం స్టేషన్లలోనూ బహిరంగ ప్రదేశాల్లోనూ కుండీలను పెద్దఎత్తున తొలగించారు. చాలాచోట్ల మళ్ళీ పెట్టనేలేదు. బయట ఏదైనా కొనుక్కుని తిన్నవారు ఆ కవర్‌ను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతారు. దీన్ని ఆ ప్రజల క్రమశిక్షణ అని మెచ్చుకుని వదిలేస్తే సగమే చెప్పినట్లవుతుంది, ఎందుకంటే ఇంటికి చేరిన చెత్త బయటికి పోవడానికి అక్కడ పక్కా ఏర్పాటు ఉంది. కాల్చదగిన చెత్తకు కొన్ని రోజులు, కాల్చడానికి పనికిరానిదానికి వేరే రోజు, సీసాలకూ డబ్బాలకూ ఇంకో రోజు కేటాయించి, సాధారణంగా ఉదయం ఎనిమిది గంటలలోపు నిర్ణీత స్థలంలో పెట్టమంటారు. కాకులు సంచులు చింపకుండా పైన వల కప్పుతారు. మీ వీధి మలుపులో కాసేపు నిలబడితే, ఆఫీసుకు పరుగెత్తేవారు కూడా వల అంచు ఎత్తి, తమ సంచి లోపలికి తోసి, మళ్ళీ సరిగ్గా దించి వెళ్ళడం చూడవచ్చు. చెత్తబండి వెళ్ళాక ఆ చోటు ఊడ్చి శుభ్రం చేసే పనిని చాలాచోట్ల ఇరుగుపొరుగువారే వంతులవారీగా చేసుకుంటారు.

ఏర్పాటు సరిగా ఉంటే మనవారూ ఇలాగే నడుచుకుంటారని నేను గట్టిగా నమ్ముతాను. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను నిషేధించి గాజు సీసాలు తెచ్చాక, ముందు కట్టిన డిపాజిట్ కోసం భక్తులు ఖాళీ సీసాను దుకాణంలో తిరిగి ఇస్తున్నారు కదా!

పిల్లల విషయానికి వస్తే, అక్కడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ప్రవేశం చాలావరకు నివాసాన్ని బట్టి ఉంటుంది కనుక బడి నడిచి వెళ్ళేంత దగ్గరలోనే ఉంటుంది. ఏ దారిన రావాలో బడివారే నిర్ణయిస్తారు, రోడ్డు దాటే చోట్ల చాలాసార్లు పెద్దలు జెండాలు పట్టుకుని నిలబడతారు. వాహనాలు నడిపేవారికి దూరం నుంచే కనిపించాలని చిన్న తరగతుల పిల్లలకు పసుపు టోపీలు పెడతారు. ఇళ్ళకు దూరంగా ఉన్న బడులకు ఆటోల్లో కిక్కిరిసి వెళ్ళే మన పిల్లలను తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇక ఆ మైకులు భూకంపాల వంటి విపత్తుల్లో హెచ్చరించడానికి స్థానిక పాలనా సంస్థలు పెట్టినవి. అవి పనిచేస్తున్నాయో లేదో రోజూ తెలుసుకోవడానికి పాట వేస్తారు, ఆడుకుంటున్న పిల్లలకు అది ఇంటికి వెళ్ళే వేళ అని కూడా తెలుస్తుంది. చలికాలంలో త్వరగా చీకటి పడుతుంది కనుక చాలాచోట్ల నాలుగున్నరకే వేస్తారు.