పాత ఫ్యాక్టరీ స్థలం కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గూడూరులో మూతపడిన మైకా (అభ్రకం) ఫ్యాక్టరీ స్థలం బేరానికి వచ్చిందనీ, నువ్వూ నీ స్నేహితులూ కొని ఇళ్లు కట్టాలనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమే. పాడుబడిన ఆ షెడ్లను ఎవరో ఒకరు బాగుచేయాలి. అయితే అల్లుడూ, మట్టి, నీళ్ల పరీక్షలతోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది కనుక అడ్వాన్సు ఇవ్వకముందే ఈ నాలుగు మాటలు విను.

ఏం కట్టాలన్నది తర్వాత చూసుకోవచ్చు. అక్కడ ఏ పని జరిగిందో ముందు తెలుసుకో. అభ్రకం రేకు దానంతట అది విషం కాదు. దానితో పాటు గనిలోంచి వచ్చే తెల్లరాయి పొడి మాత్రం ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. అందుకే అక్కడి వ్యర్థాల గుట్టలు కదిలించేటప్పుడు తడపకుండా పార వేయనివ్వకు. నాకు అంతకంటే ఎక్కువ భయం ఫ్యాక్టరీ మూతపడ్డాక జరిగిన పనుల గురించి. సోవియట్ యూనియన్ కొనుగోళ్లు పోయి మైకా వ్యాపారం చితికిన తర్వాత ఖాళీ షెడ్లు ఎవరెవరి చేతుల్లోకి వెళ్లాయో అడుగు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించారా? ఆయిల్ డ్రమ్ములు నిల్వ చేశారా? ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రంలో, యజమానుల పేర్లు ఉంటాయి, నేలలోకి ఇంకినవి ఉండవు. అక్కడ అభ్రకం రేకులు చీల్చిన ఆడవాళ్లు ఇంకా ఆ వీధుల్లోనే ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చో. మురుగు ఎటు పారేదో, ఏ మూల గొయ్యి తీసి పూడ్చారో వాళ్లకు తెలిసినంతగా ఏ కాగితమూ చెప్పదు.

ఆ తర్వాత మట్టి పరీక్ష. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్థలం నలుమూలల నుంచి గుప్పెడేసి మట్టి తెచ్చి ఒకే సంచిలో కలిపి ల్యాబుకు ఇస్తారు. విషమున్న మూల మంచి మట్టిలో కలిసిపోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కాలువ పక్కన, షెడ్డు వెనుక, డ్రమ్ములు పెట్టిన చోట విడివిడిగా తీయించు. పైన జానెడు లోతులో ఒకటి, అర మీటరు దగ్గర ఒకటి, మీటరు దగ్గర ఒకటి. సీసం ఎక్కువగా పైమట్టినే పట్టుకుని ఉంటుంది. క్రోమియంలో విషపు రకం నీళ్లతో దిగిపోతుంది. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమియం ఫ్యాక్టరీ వ్యర్థాల గుట్ట చుట్టుపక్కల భూగర్భజలాన్ని ఎలా పాడుచేసిందో చూడు. మన వైపు నేల కింద రాయి. పగుళ్లు ఎటు తీసుకెళితే నీరు అటే పోతుంది. కాబట్టి నీ బోరుతో పాటు పక్కవాళ్ల బోరు నీళ్లూ పరీక్షకు పంపు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు.

ఏమైనా బయటపడితే గ్రావెల్ తోలించి కప్పేద్దామని కాంట్రాక్టరు అంటాడు. నిపుణులు లెక్కవేసి బంకమట్టి, షీటు, కాంక్రీటుతో పద్ధతిగా కప్పడం వేరు. కనబడకుండా చేయడం వేరు. తవ్వి తీసిన మట్టిని ఊరి చెరువు గట్టున పోయించావంటే నేను నీతో మాట్లాడను. ప్రమాదకర వ్యర్థమని తేలితే అనుమతి ఉన్న కేంద్రానికే వెళ్లాలి, లారీతో పాటు ఏ వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసిన మానిఫెస్ట్ కాగితం ఉండాలి. భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థం 2025 జనవరిలోగానీ పీతంపూర్‌లోని వ్యర్థాల కేంద్రానికి కదలలేదు. అంటే ప్రమాదం జరిగిన 40 ఏళ్లకు.

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్నది వాటిలో మూలసూత్రం. గనుల తవ్వకం వల్ల వచ్చిన కాలుష్యం వాటి కిందికి రాదు కనుక, మీది ఫ్యాక్టరీ కాలుష్యమా, గని గుట్టా అన్నది వకీలుతో తేల్చుకో.

పైకప్పు రేకులు పాతవైతే ఆస్‌బెస్టాస్ అనే అనుకో. దాని నార దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, సుత్తితో పగలగొట్టనివ్వకు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించాలి. కూలీలకు గుడ్డ కట్టుకోమని చెబితే సరిపోదు, సరైన మాస్కులు నువ్వే కొనివ్వు.

ఫలితం కొంచెం చెడుగా వచ్చినా స్థలం వదులుకోనక్కర్లేదు. గోడౌనో, సోలార్ పలకలో ఆలోచించండి. పిల్లలు మట్టిలో ఆడుకునే ఇళ్లు మాత్రం వద్దు.

యజమాని శాంపిళ్లు తీయనివ్వకపోతే అక్కడితో బేరం మానేయండి. ఒప్పుకుంటే, రిపోర్టు వచ్చాకే అడ్వాన్సు అని కాగితం మీద రాయించుకో. తేదీ కుదిరాక ఫోను చెయ్యి. ఎక్కడెక్కడ తవ్వాలో దగ్గరుండి చూపిస్తాను.

మీ మామయ్య