అనొరెక్సియా ఉన్నవాళ్లకు ఆకలే వేయదా?
నెల్లూరు చేపల పులుసు వాసనకే మనకు నోరూరుతుంది కదా, అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే మానసిక జబ్బు) ఉన్న పిల్ల అదే కంచం ముందు ఎందుకు బిగుసుకుపోతుందని ఒకరు అడిగారు. ఆకలి లేక కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ వాళ్ల రక్తంలో మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. తేడా అంతా మెదడు దాన్ని అందుకునే తీరులో ఉంది. తిండి చూస్తే మనలో ఉత్సాహం రేపే డోపమైన్ అనే మెదడు రసాయనం వాళ్లలో టెన్షన్ పెంచుతుందని పరిశోధకుల అంచనా. తినకపోతేనే ఆ టెన్షన్ కాస్త తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. ఓ పరిశోధనలో, రుచిని పసిగట్టే ఇన్సులా అనే మెదడు భాగం, జబ్బు నుంచి కోలుకున్న ఆడవాళ్లలో కూడా, చక్కెర నీళ్లకు తక్కువగానే స్పందించింది. ఏం తినాలో ఎంచుకునేటప్పుడు అలవాట్లను నడిపే డోర్సల్ స్ట్రయేటమ్ అనే మరో మెదడు భాగం పని ఎక్కువవుతుంది. అంటే ఇది పొగరు కాదు. బరువు పడిపోతూ కళ్లు తిరుగుతుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.