కుక్కర్ గీతలు, గో కప్పు, నెల ఖర్చు

ప్రశ్న: మా వారికి జపాన్‌లోని కనజావాలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల నేనూ వెళ్తున్నాను. అన్నం కుక్కర్ కొందామని మా వారు దుకాణానికి వెళ్తే వాటి మీద 3 గో, 5.5 గో, 1 షో అని రాసి ఉందట. మాకు తెలిసినవి లీటర్లు, కిలోలు. ఏది కొనాలి? సోనా మసూరి అందులో సరిగ్గా ఉడుకుతుందా? ఇక్కడి నుంచి బియ్యం తెచ్చుకోవచ్చా? నెలకు బియ్యానికి ఎంత అవుతుంది?

జవాబు: అమ్మా, 5.5 గోల కుక్కర్ కొనమని మీ వారికి ఈ రోజే చెప్పండి. 3 గోలది చవకగా కనిపిస్తుంది, కొత్త దంపతులని తెలిస్తే దుకాణంవాళ్లు కూడా అదే చూపిస్తారు. జపాన్ బియ్యం వండుకునే ఇద్దరికి అది చాలు. రెండు పూటలా అన్నం తినే మన ఇంటికి చాలదు. చవక అని కొంటే ఏడాది తిరగకుండా రెండోది కొనవలసి వస్తుంది, ఆ డబ్బు దండగ.

గో అంటే ఇంచుమించు 180 మిల్లీలీటర్లు. కుక్కర్ మీద రాసి ఉండేది అందులో ఒకేసారి వండగలిగే బియ్యం కొలత. పది గోలు ఒక షో, అంటే 1.8 లీటర్లు. పది షోలు ఒక తో, 18 లీటర్లు. పది తోలకు ఒక కొకు, 180 లీటర్లు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని మా అమ్మమ్మ చెప్పిన లెక్కకన్నా ఇది సులువు, అన్నీ పదులే. ఈ షో నిన్న మొన్నటిది కాదు. 1669లో అప్పటి జపాన్‌ను ఏలిన ఎడో ప్రభుత్వం దేశమంతటా ఒకే కొలపెట్టె ఉండాలని నిర్ణయించింది. లోపలి వైపు 4.9 సున్‌ల చదరం, 2.7 సున్‌ల లోతు ఉన్న చెక్క పెట్టె అది. సున్ అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. 1959 నుంచి వ్యాపారంలో మెట్రిక్ కొలతలే వాడాలన్నది చట్టం, అందుకే బియ్యం సంచుల మీద కిలోలే ఉంటాయి. వంటింట్లోకి వచ్చేసరికి మాత్రం గో కదలలేదు. సంచి మీద కిలోలు, గిన్నెలో గోలు. కొత్తగా వచ్చినవారి డబ్బు జారిపోయేది ఈ రెండింటి మధ్యనే.

నా డబ్బు ఎలా జారిందో చెబుతాను. నేను జపాన్ వచ్చిన కొత్తలో మా కుక్కర్ పెట్టెలో చిన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి ఉంది. అది ఒక గో బియ్యం కొలవడానికని నాకు ఎవరూ చెప్పలేదు. దాన్ని బట్టల సబ్బు పొడి డబ్బాలో వేసుకున్నాను. బియ్యం కొలవడానికి దుకాణంలో మంచి స్టీలు కప్పు కొన్నాను. అది 200 మిల్లీలీటర్లది. జపాన్‌లో కూరలు, పిండివంటలు కొలిచే కప్పు అదే. పోషకాహార విద్యకు పేరు తెచ్చిన కగావా అయా అనే వైద్యురాలు 1948లో రూపొందించిన కొలతల నుంచి వచ్చింది. బియ్యానికి మాత్రం ఆ కప్పు పనికిరాదు. మూడు కప్పులు పోసి, కుక్కర్ గిన్నెలో మూడు గోలకని 3 అని ఉన్న గీత దాకా నీళ్లు పోసేదాన్ని. బియ్యం 60 మిల్లీలీటర్లు ఎక్కువ, నీళ్లు ఆ మేరకు తక్కువ. రోజూ అన్నం పలుకే. మా వారు మజ్జిగ పోసుకుని నానబెట్టుకుని తినేవారు, నన్ను ఒక్క మాట అనలేదు.

తప్పు బియ్యానిదని అనుకున్నాను. చవక సంచి వదిలేసి కొషిహికారి అనే మేలురకం బియ్యం కొన్నాను. అదీ పలుకైంది. ఇంకా మంచిది కావాలని ఉఓనుమా ప్రాంతపు కొషిహికారి కొన్నాను, దేశంలో ఖరీదైన బియ్యాలలో అదొకటి. అదీ అంతే. మాకు వచ్చేది ఒక్క జీతం, అందులో సగం అద్దెకు పోయే రోజులవి. పక్కింటి పెద్దావిడ ఒకసారి మా వంటింట్లోకి వచ్చి నేను కొలవడం చూసింది. ఏమీ మాట్లాడకుండా సబ్బు పొడి డబ్బాలోంచి ఆ కప్పు తీసి, కడిగి, బియ్యం నింపి, వేలితో పైన సమానంగా గీసి చూపింది. ఆ రాత్రి అన్నం మెత్తగా, విరిగిపోకుండా వచ్చింది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే, ఖరీదైన బియ్యానికి అదనంగా పోసిన డబ్బుతో ఇంటికి ఒకసారి విమానం టిక్కెట్టులో మంచి భాగం వచ్చేది. ఇప్పటి పిల్లలు ఫోనులో చూసి వండుతారు, మాకున్న కష్టం మీకు లేదు. అయితే ఫోనులో చెప్పేవారిలో అమెరికాలో ఉన్నవారు 240 మిల్లీలీటర్ల కప్పు మనసులో పెట్టుకుని చెబుతారు. కప్పు అనే మాట వినగానే ఏ దేశపు కప్పో ముందు చూసుకోండి. కుక్కర్‌తో వచ్చిన కప్పు పోతే వంద యెన్‌ల దుకాణంలో దొరుకుతుంది. ఇడ్లీ పిండికి మాత్రం ఈ బాధ లేదు. పప్పుకూ రవ్వకూ ఒకే కప్పు వాడితే అది ఏ కొలతదైనా ఒకటే.

ఇక సోనా మసూరి సంగతి. గిన్నె లోపలి గీతలు జపాన్ బియ్యానికి గీసినవి. అది పొట్టి గింజ, తక్కువ నీటితో ఉడికి అంటుకుంటుంది. మనది అత్తెసరు పెట్టినా ఒకటికి రెండు నీళ్లు అడుగుతుంది. నేను పాటించే పద్ధతి ఇది: సోనా మసూరి రెండు గోలు పోసి, కడిగి, నీళ్లు 3 గీత దాకా పోయండి. లెక్క చూస్తే బియ్యానికి రెట్టింపు నీళ్లకు చాలా దగ్గరగా వస్తుంది. మూడు గోలు వండాలంటే నాలుగున్నర దగ్గర ఆగాలి. అంటే ఎన్ని గోలు పోశారో దానికి ఒకటిన్నర రెట్ల గీత. ఇప్పుడు 3 గోల కుక్కర్ ఎందుకు వద్దన్నానో మీకే తెలుస్తుంది, అందులో మన బియ్యం రెండు గోలకు మించి పట్టవు. చుట్టాలు వస్తే కష్టమని 1 షో కుక్కర్ కొనేవారూ ఉన్నారు. అంత పెద్ద గిన్నెలో ఇద్దరికి సరిపడా బియ్యం అడుగున పలచగా పరుచుకుంటాయి, అన్నం సరిగ్గా రాదు. పైగా ఇక్కడి వంటింట్లో దాన్ని పెట్టే చోటు కూడా ఉండదు. కడగనవసరం లేని ముసెన్‌మై బియ్యం కూడా దుకాణంలో కనిపిస్తుంది. దానికి మామూలు కప్పుకన్నా కొంచెం చిన్న కప్పు ఉంటుంది. అది లేకపోతే నీళ్లు ఒక పిసరు ఎక్కువ పోయాలి.

నెల ఖర్చు అడిగారు, అసలు ప్రశ్న అదే. ఒక గో బియ్యం 150 గ్రాములు తూగుతుంది. 5 కిలోల సంచిలో 33 గోలు ఉంటాయి. 2025లో సూపర్ మార్కెట్లలో ఆ సంచి సగటు ధర 4000 యెన్‌లు దాటింది, అంతకు ఏడాది ముందు దాదాపు సగమే ఉండేది. 4000 వేసుకున్నా ఒక్కో గో 120 యెన్‌లు. మీ ఇద్దరూ రోజుకు మూడు గోలు తింటే సంచి పదకొండు రోజులు వస్తుంది, నెలకు 11,000 యెన్‌లు. ఇంటి లెక్కల పుస్తకంలో ఈ అంకె మొదటి వరుసలో రాసుకోండి. జపాన్‌వాళ్లు ఇప్పుడు తలకు ఏడాదికి 50 కిలోల చిల్లర మాత్రమే తింటున్నారు కాబట్టి ధర పెరిగితే వాళ్లకు తగిలే దెబ్బ వేరు, మనకు తగిలే దెబ్బ వేరు. ఆఫీసులో ఎవరైనా బియ్యం పెద్ద ఖర్చు కాదంటే ఆ మాట మీ ఇంటికి వర్తించదు.

మన దేశం నుంచి బియ్యం తీసుకురావడానికి మొక్కల తనిఖీ పత్రాలు, కస్టమ్స్ నియమాలు ఉన్నాయి. అవి జపాన్ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకుని నిర్ణయించుకోండి. నా మాట వింటే సామాను బరువును పచ్చళ్లకు, కందిపొడికి, చింతపండుకు వాడుకోండి. సోనా మసూరి తోక్యోలోని నిషి కసాయ్, షిన్ ఓకుబో భారతీయ దుకాణాల నుంచి పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు.

మీరు వచ్చే ఊరికి బియ్యంతోనే పేరు వచ్చింది. మయెదా వంశం ఏలిన కగా సంస్థానాన్ని ఇప్పటికీ పది లక్షల కొకుల రాజ్యమని చెప్పుకుంటారు. 1583లో మయెదా తొషియీ కనజావా కోటలో అడుగుపెట్టినందుకు గుర్తుగా ప్రతి జూన్‌లో హ్యకుమాన్‌గొకు, అంటే పది లక్షల కొకుల ఉత్సవం చేస్తారు. ఒక కొకు బియ్యం ఒక మనిషికి ఏడాది తిండి అని ఆ కాలపు లెక్క. వెయ్యి గోలు, 150 కిలోలు. జమీనుకు విలువ కట్టడం, సమురాయ్‌కి జీతం ఇవ్వడం అన్నీ ఆ కొలతతోనే. రైతులు ముడి బియ్యాన్ని ఇప్పటికీ 30 కిలోల కాగితపు బస్తాలలో అమ్ముతారు. నాలుగు తో పట్టే పాతకాలపు గడ్డి మూట 60 కిలోలు, ఈ బస్తా అందులో సగం.

బస్తా ధర కిలోకు తక్కువ పడుతుందని నేనూ ఒకటి తెప్పించాను. రోడ్డు పక్కన చిన్న గదిలా ఉండే మర ఉంటుంది, నాణేలు వేసి బియ్యం పోస్తే తవుడు పోయి తెల్లగా వస్తాయి. 30 కిలోలు పోస్తే చేతికి వచ్చేది 27 మాత్రమే. ఆ లెక్క ముందే వేసుకుని ధర పోల్చాలి. నేను వేసుకోలేదు, పైగా మొత్తం ఒకేసారి మర పట్టించి అలమరలో పెట్టాను. జూన్‌లో వానలు మొదలయ్యాయి. ముక్కు పురుగు పట్టింది. చేటలో చెరిగి ఎండబెడదామంటే ఎండే లేదు, చాలా భాగం పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి పట్టించిన బియ్యాన్ని కడిగి బాగా ఆరబెట్టిన 2 లీటర్ల నీళ్ల సీసాలలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఒక్కో సీసాలో 11 గోలు పడతాయి. మీరూ అలాగే చేయండి, ముడి బియ్యం మాత్రం నెలకు సరిపడా అప్పటికప్పుడు పట్టించుకోండి. ఇంకో తెలుగు కుటుంబంతో కలిసి ఒక బస్తా పంచుకుంటే ఇంకా మంచిది.

సోయా సాస్, వంటలో వాడే మిరిన్ అనే తీపి సారా కొనేటప్పుడు 1.8 లీటర్ల పెద్ద సీసా కనిపిస్తుంది, అది ఒక షో. సాకే అనే బియ్యపు సారా సీసా 720 మిల్లీలీటర్లు ఉండేది నాలుగు గోల లెక్క వల్లే. పక్కన 1 లీటరు సీసా ఉంటే ధరను లీటరుకు మార్చి చూసుకోండి. పెద్దది ప్రతిసారీ చవక కాదు. మీ స్నేహితులెవరైనా సియోల్ వెళ్తుంటే అక్కడ గోను హోప్ అంటారని చెప్పండి, అక్కడి సారా సోజు సీసా 360 మిల్లీలీటర్లు ఉండేది రెండు హోప్‌ల వల్లే. కుక్కర్ కప్పు తైవాన్‌లో కూడా 180దే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే కనజావాలో బియ్యం తర్వాత జేబు ఖాళీ చేసేది చలి. హీటర్లకు వాడే కిరోసిన్ అమ్మేది 18 లీటర్ల డబ్బాలలో. అది ఒక తో. ఒక బంకు బోర్డు మీద 1 లీటరు ధర ఉంటుంది, ఎదురుగా ఉన్న బంకు బోర్డు మీద 18 లీటర్ల ధర ఉంటుంది. నాకు ఇది తెలియక మొదటి చలికాలమంతా ఇంటి ముందుకు వచ్చే బండి దగ్గరే పోయించుకున్నాను. బంకుకు వెళ్లి పోయించుకుంటే డబ్బా మీద ఎంత మిగులుతుందో వసంతం వచ్చాక తెలిసింది. ఈ మధ్య డబ్బా 2000 యెన్‌లకు పైమాటే, గట్టి చలిలో ఒక డబ్బా వారం రోజులు రావడం కష్టం. నిండు డబ్బా 14 కిలోల పైన తూగుతుంది, లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోయడం మీ వారికి అలవాటు లేని పని. కాబట్టి ఇల్లు చూసేటప్పుడే కిరోసిన్ హీటరుకు అనుమతి ఉందో లేదో యజమానిని అడగమనండి. చాలా అద్దె ఇళ్లలో ఒప్పుకోరు. అలాంటప్పుడు కరెంటు ఏసీతోనే వేడి చేసుకోవాలి, ఆ బిల్లు కూడా కలుపుకుని అద్దె మాట్లాడమని చెప్పండి.