పాలు చేదెక్కితే బీడు వైపు ఒకసారి చూడండి

ప్రశ్న: మాకు నాలుగు పాడి గేదెలు ఉన్నాయి. పగలు బీడులో మేపి, సాయంత్రం గట్ల మీద కోసుకొచ్చిన పచ్చిగడ్డిని యంత్రంలో నరికి తొట్టిలో వేస్తాము. వానలు పడ్డాక బీడంతా చిన్న చిన్న తెల్లపూల మొక్కతో నిండిపోయింది. అది వయ్యారిభామ అని అంటున్నారు. పది రోజులుగా ఒక గేదె పాలు చేదుగా ఉంటున్నాయి. దాని పొదుగు మీద, మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు కూడా లేచాయి. గేదెలు ఆ మొక్కను ముట్టవని పెద్దలు చెబుతారు కదా, మరి ఇలా ఎందుకు జరిగింది? ఆ మొక్కను వదిలించుకొనే మార్గమేమిటి?
– ఒక పాడి రైతు

జవాబు: ముందుగా మొక్కను నిర్ధారించుకోండి. ఒక పువ్వును తుంచి అరచేతిలో పెట్టుకొని చూస్తే, అది మిరియపు గింజంత ఉండి, అంచున ఐదు చిన్న మూలలు తేలి కనిపించాలి. ఆ మూలకొకటి చొప్పున పువ్వుకు ఐదు విత్తనాలు కడతాయి. ఐదేనా అనిపించవచ్చు గాని, బాగా ఎదిగిన ఒక్క మొక్కకు వేల కొద్దీ పూలు పూస్తాయి కనుక, విత్తనాల లెక్క 15,000 నుంచి 25,000 దాకా పోతుంది. లేత మొక్క ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి, నేలకు అంటుకొని చక్రంలా పరుచుకుంటాయి. మెక్సికో పరిసరాలలో పుట్టిన ఈ మొక్కను మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పశువుల బీళ్లనూ, ఇథియోపియా పొలాలనూ ఇదే మొక్క ఆక్రమించింది.

గేదెలు ముట్టవన్న పెద్దల మాట నిజమే. మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం కటిక చేదు కావడంతో, కడుపు నిండే గడ్డి దొరికినంత కాలం పశువు దాన్ని తప్పించుకొని పక్కనున్న గడ్డి పరకలనే మేస్తుంది. అయితే ఈ ఎంపిక మూతితో ఏరుకొనే వీలున్నప్పుడే సాగుతుంది. గట్టు మీద గడ్డితో పాటు కోసిన వయ్యారిభామను యంత్రంలో వేసి అంగుళం ముక్కలుగా నరికి కలిపేశాక, ఆకలితో ఉన్న గేదె ఇక దేన్ని వేరుచేయగలదు? మీ సందేహానికి సమాధానం బీడులో కన్నా తొట్టిలోనే ఉందని నా అనుమానం. ఈ రోజు నరకబోయే మోపును ఒకసారి విప్పి పరచి చూడండి. మొక్క ఎండినంత మాత్రాన విషం పోదు కనుక, ఎండుమేతలో కలిసినా ఇదే ఇబ్బంది.

కొద్దిగా తిన్న పశువుకు పాలు చేదెక్కడం, నోరూరడం, విరేచనాలు కావడం కనిపిస్తాయి. తినడం కొనసాగితే నోట్లోనూ పేగుల్లోనూ పుండ్లు పడి, వెంట్రుకలు రాలి, కాలేయమూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. మేతలో 10 నుంచి 50 శాతం దాకా ఈ మొక్కను కలిపి పెట్టిన ప్రయోగాలలో పశువులు నెల లోపే చనిపోయాయి. పొదుగు మీది పొక్కులకు తినడమే కారణం కానక్కరలేదు, మొక్కల మధ్య నడిచినా, పడుకున్నా ఆ ఆకుల నూగు తగిలి చర్మం పొక్కుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. మేత మార్చి, పొదుగును మంచినీటితో కడిగి, పశువైద్యుడికి చూపించండి. ఆయనకు చూపించమనడం మర్యాదకు కాదు: నోట్లో పుండ్లు గాలికుంటు వ్యాధిలోనూ వస్తాయి, పాల రుచి పొదుగువాపులోనూ, పాడి కాలం చివరి నెలల్లోనూ మారుతుంది. జ్వరం, గిట్టల మధ్య పుండ్లు ఉంటే మాత్రం అది అంటుకొనే గాలికుంటు కావచ్చు, ఆ గేదెను వెంటనే మిగిలిన వాటి నుంచి వేరుగా కట్టండి.

ఇక మొక్క సంగతి. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలలోనే ఇది పూతకు వస్తుంది కనుక మీకున్న గడువు ఆ మాత్రమే. వాన వెలిసిన మరునాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకండి. కోసి వదిలేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మనుషులకూ దురద, తుమ్ములు, ఆయాసం తెచ్చే మొక్క ఇది. చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ లేకుండా ఎవరినీ పనిలోకి దింపవద్దు. పూతకు ముందు పీకిన మొక్కను కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు. పూత వచ్చిన మొక్కను వేస్తే, ఆ ఎరువుతో పాటు విత్తనాలను కూడా మీరే పొలమంతా చల్లినట్లవుతుంది.

కలుపుమందుల విషయంలో చాలామంది చేసే పొరపాటు గ్లైఫోసేట్ కొట్టడం. అది బీడులోని గడ్డిని కూడా మాడ్చి నేలను బోసిగా వదిలేస్తుంది, ఆ ఖాళీలో మొదట మొలిచేది మళ్లీ వయ్యారిభామే. 2,4-డి అయితే గడ్డిజాతిని వదిలి వెడల్పాకు మొక్కలను చంపుతుంది. కానీ దాని తుంపర గాలికి పక్క చేలోని పత్తి మీద, టమాటా మీద పడితే పైరు ముడుచుకుపోతుంది. ఏ మందు కొట్టినా డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా పశువులను ఆ బీడులోకి తోలవద్దు. అసలు ఈ మొక్క దట్టమైన పచ్చికలో నిలదొక్కుకోలేదు, పశువులు మొదలంటా మేసేసిన నేలలోనే విజృంభిస్తుంది. బీడును రెండు భాగాలు చేసి, ఒకదాన్ని గడ్డి దుబ్బు కట్టేదాకా మేపకుండా ఉంచి, ఆ తర్వాతే రెండో భాగానికి విశ్రాంతి ఇవ్వండి.

ప్రశ్న: వయ్యారిభామను తినే పెంకుపురుగులు ఉన్నాయంటారు. వాటిని వదిలితే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నాయి. జైగోగ్రామా అనే ఈ పురుగును మెక్సికో నుంచి తెప్పించి, పరీక్షల తర్వాత 1984లో బెంగళూరులో విడుదల చేశారు. మాసిన తెలుపు రెక్కల మీద వంకర టింకర నల్లచారలుంటాయి. పెద్ద పురుగులూ వాటి పిల్లలూ కలిసి ఆకులను ఈనెలు మిగిలేదాకా కొరికేస్తాయి. అయితే వానలు తగ్గాక ఇవి మట్టిలోకి దూరి నిద్రాణంగా ఉండిపోతాయి, తడి దొరికినచోట మొక్క మాత్రం ఏడాది పొడవునా మొలుస్తూనే ఉంటుంది. పైగా ఆకు తిన్నంత మాత్రాన నేలలో పడివున్న విత్తనాలు పోవు. తొలకరికే 500 నుంచి 1000 పురుగులను ఒకేచోట వదిలి, ఆ చుట్టుపక్కల మందు కొట్టకుండా ఉండగలిగితే పూత బాగా తగ్గుతుంది. మిగిలిన మొక్కలను మీరు పీకవలసిందే.