సైన్యాన్ని కాసేపు పక్కన పెట్టమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముక్క పోయిన ఎముకలో సిరామిక్ స్కాఫోల్డ్, అంటే కొత్త ఎముక పెరగడానికి ఆసరాగా పెట్టే రంధ్రాల ముక్క, పెడితే శరీరం ఏం చేస్తుందన్నది మంచి విషయం. కానీ మొదటి పేరాలోనే "రోగనిరోధక సైన్యం శత్రువుపై విరుచుకుపడుతుంది" అన్నావు. నా పెన్ను అక్కడే ఆగింది.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకేం లేదులే. పాతికేళ్ల కిందట ఇదే విషయం మీద రాస్తూ నేను ఇంకో కొసకు పోయాను. "సిరామిక్‌ను శరీరం పరాయిదిగా గుర్తించనే గుర్తించదు" అని రాసేశాను. వారం తిరక్కుండా ఓ ఎముకల డాక్టరుగారి కార్డు వచ్చింది. "గుర్తించకపోతే అక్కడ ఎముక ఎందుకు పెరుగుతుందండీ?" అంతే, ఒక్క వాక్యం. దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నువ్వు జరిగేదాన్ని వరసగా చూడు. స్కాఫోల్డ్ లోపలికి వెళ్లిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు దానిమీద పొరలా అంటుకుంటాయి. ఆ తర్వాత వచ్చే కణాలు ముందుగా తాకేది సిరామిక్‌ని కాదు, ఆ పొరని. మొదట న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, వాటి వెనకే మాక్రోఫేజ్‌లు. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని స్థూలభక్షక కణాలన్నారు. పలకడానికి బరువే గానీ, భక్షక అన్న మాట సరైనది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ నక్షత్రచేప లార్వాకి ముల్లు గుచ్చాడు, మర్నాడు చూస్తే దాని చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆయన జంతుశాస్త్రజ్ఞుడు, కణాలు ఆహారాన్ని ఎలా అరిగించుకుంటాయో చూస్తున్న మనిషి. అందుకే మాక్రోఫేజ్ అని ఆయన పెట్టిన పేరులో యుద్ధం లేదు, తిండి ఉంది.

తినలేనంత పెద్ద వస్తువు ఎదురైతే మాక్రోఫేజ్‌లు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసి పెద్ద కణాలవుతాయి. ఈ వాపు గొడవ సద్దుమణగకపోతే వస్తువు చుట్టూ నారపొర కట్టుకుంటుంది, ఎముక అక్కడికి చేరదు. అయితే వాపు పూర్తిగా లేకపోయినా కష్టమే. వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే సంకేతం అందని ఎలుకల్లో విరిగిన ఎముక అతుక్కోవడం ఆలస్యమైంది. అంటే మొదటి రోజుల్లో ఆ మంట రావాలి, వేళకి తగ్గాలి. తగ్గుతున్నప్పుడు అవే మాక్రోఫేజ్‌లు రక్తనాళాలనూ, ఎముక కట్టే కణాలనూ రప్పించే సంకేతాలు పంపుతాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు కూడా ఈ మాక్రోఫేజ్‌ల ఇంటి బిడ్డలే. ఇప్పుడు చెప్పు, ఇందులో శత్రువు ఎవరు?

సైనికుడు లేకపోతే కథకి పట్టు రాదని నీ టెన్షన్ అయితే, నిజమైనవాడే ఉన్నాడు. 1967లో అమెరికాలో ఓ సదస్సుకి బస్సులో వెళ్తున్న పదార్థ శాస్త్రవేత్త లారీ హెంచ్ పక్కన, వియత్నాం నుంచి అప్పుడే వచ్చిన ఒక కర్నల్ కూర్చున్నాడు. లోహాన్నీ ప్లాస్టిక్‌నీ శరీరం ఒప్పుకోవడం లేదు, ఒప్పుకునే పదార్థం చెయ్యగలరా అని అడిగాడు. 1969లో హెంచ్ చేసిన గాజు ఎలుక ఎముకలో ఎంత గట్టిగా అతుక్కుందంటే, బయటికి లాగితే రాలేదు. దాని పైన ఎముకలోని ఖనిజం లాంటి పొరే ఏర్పడింది. నీ వ్యాసం ఆ బస్సులో మొదలుపెట్టు.

యల్లాప్రగడ సుబ్బారావుగారిని మాత్రం తీసెయ్. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు, నిజమే. ఎముకలో ఫాస్ఫేట్ ఉందని ఆయన్ని ఇక్కడికి లాక్కొస్తే పెళ్లికొచ్చిన చుట్టాన్ని వంటింట్లో కూర్చోబెట్టినట్టుంది.

వాపు రేపేవి, గాయం మాన్పేవి అని విడదీసి "చెడ్డ ఎం1, మంచి ఎం2" అంటూ మాక్రోఫేజ్‌లను రెండు ముఠాలు చేశావు. ఆ పేర్లు ల్యాబ్‌లో సౌకర్యం కోసం వచ్చాయి. ఒంట్లో ఆ కణాలు చాలావరకు నడిమధ్యలో ఎక్కడో ఉంటాయి, పైగా మారుతుంటాయి. అలాగే "రంధ్రాలు 300 మైక్రాన్లు" అని వదిలేశావు. మూడు నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పేర్చినంత వెడల్పు అను, రక్తనాళం దూరడానికి అంత చోటు కావాలని కూడా చెప్పు. సిరామిక్ నుంచి రాలే పొడి సూదుల్లా ఉంటే వాపు ఎక్కువవుతుందన్న సంగతి నీ నోట్స్‌లో ఉంది, వ్యాసంలో లేదు. అది ఎందుకు వదిలావు?

స్కాఫోల్డ్‌కి 'వేదిక' అన్నావు. మేస్త్రీల పరంజా కూడా కుదరదు, అది బయట కట్టి తర్వాత విప్పేది. నాకైతే కాకరపాదుకి వేసే పందిరి గుర్తొస్తుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే సిరామిక్‌తో వేసిన పందిరి, తీగ (అంటే కొత్త ఎముక) బలపడుతుండగా కొంచెం కొంచెం కరిగిపోతుంది. హైడ్రాక్సీఅపటైట్ అనే ఇంకో సిరామిక్‌ది ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. కరగడానికి కూడా ఆ తినే కణాలే చెయ్యి వెయ్యాలి. తీగ కంటే ముందే పందిరి కూలితే ఏమవుతుందో ఒక పేరా రాయి.

డాక్టరుగారి కార్డు ఇంకా నా దగ్గరే ఉంది, ఫోటో తీసి పంపిస్తున్నాను. రెండో ప్రతిలో ఆయన ప్రశ్నకి జవాబు ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో గీత పెట్టి మరీ పంపు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.